ఎండకు అనుమతి

మూడో ఉత్తరం కూడా అదే మాట మోసుకొచ్చింది. "భవనం ముందువైపు అందం చెడిపోయే అవకాశం ఉన్నందున మీ విన్నపాన్ని మన్నించలేకపోతున్నాము." కింద సంతకం లేదు. ఇది కంప్యూటర్ తయారుచేసిన ఉత్తరం కాబట్టి సంతకం అక్కర్లేదని మాత్రం మరో వాక్యం ఉంది.

రోస్విత కూనర్ట్ ఆ కాగితం చేతిలో పట్టుకునే నాలుగో అంతస్తు నుంచి మెట్లు దిగింది. రోడ్డు దాటి, ట్రాము స్టాపులో నిలబడి, తానుండే భవనాన్ని ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూసింది. సిమెంటు పలకలు అతికించి కట్టిన ఆరంతస్తుల మేడ. జర్మనీలోని హాలె నగరపు పడమటి వైపున్న ఈ పేటలో ఇలాంటివి వందలున్నాయి. పక్కగోడ మీద, ఈ మేడలకి యజమానులైన ఇళ్ళ కంపెనీవాళ్ళు తగిలించిన ప్రకటన గుడ్డ మూడంతస్తుల ఎత్తున వేలాడుతోంది. అందులో ఒక తల్లి బిడ్డనెత్తుకుని నవ్వుతోంది. ఒక మూల తాడు తెగిపోయి, ఆ తల్లి మోచెయ్యి గాలికి టపటపా గోడకేసి కొట్టుకుంటోంది. కిందటి చలికాలం నుంచీ అంతే. బాల్కనీలలో డిష్ యాంటెన్నాలు, వెలిసిపోయిన గొడుగులు, ఎవరిదో మూడు చక్రాల సైకిలు.

"అందమట," అంది రోస్విత పైకే. ట్రాము కోసం నిలబడ్డ ఆవిడెవరో కొంచెం పక్కకి జరిగింది.

ఇంతకీ ఆమె అడిగింది పెద్ద కోరికేమీ కాదు. చవక దుకాణంలో కొన్న రెండు సోలార్ ప్యానెళ్ళను బాల్కనీ కమ్మీలకి బయటివైపు బిగించుకుంటానంది. ప్యానెళ్ళ వైరు పుస్తకమంత ఇన్వర్టర్‌లోకి పోతుంది, ఇన్వర్టర్ వైరు చివర మామూలు ప్లగ్గు ఉంటుంది, దాన్ని గోడ సాకెట్లో గుచ్చితే సరి. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టడం వచ్చినవాళ్ళకి ఇదీ వస్తుంది. సర్కారు వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకోవడానికి పది నిమిషాలు పట్టింది. సరైన కారణం లేకుండా ఇంటి యజమాని కాదనడానికి వీల్లేదని కిందటి శరత్కాలంలో చట్టం కూడా వచ్చింది. దేశంలో లక్షలమంది పెట్టుకున్నారు. దక్షిణం వైపు తిరిగిన రోస్విత బాల్కనీలో మాత్రం ఎండ ఊరికే పడి ఊరికే పోతోంది.

అరవయ్యేడేళ్ళ రోస్వితకి కరెంటు కొత్త కాదు. పద్దెనిమిదో ఏట ట్రాము డిపోలో ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుని, ముప్ఫై తొమ్మిదేళ్ళు అక్కడే చేసి, మరమ్మతుల షెడ్డుకి పెద్దగా ఉండి రిటైరైంది. ఆరువందల వోల్టుల తీగ కింద నిలబడి, తుంటి అరిగిపోయేదాకా పనిచేసిన మనిషి.

మంగళవారం కంపెనీ ఆఫీసులో జనాన్ని కలిసే రోజు. ఆమె ఫైలు చంకలో పెట్టుకుని వెళ్ళింది. లెన్నార్ట్ ఫోగల్ అనే మేనేజరు కూర్చోబెట్టాడు. ముప్ఫై దాటి ఉంటాడేమో. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు.

"కూనర్ట్ గారూ, మీ ఉత్సాహం నాకర్థమైంది. కానీ చూడండి, కరెంటు అంటే ఆటలు కాదు."

"కాదు. అందుకే ముప్ఫై తొమ్మిదేళ్ళు ఆడలేదు, పనిచేశాను."

"నా ఉద్దేశం అది కాదు. ఇప్పుడు ఎవరైనా పిల్లలొచ్చి ఆ ప్లగ్గు పీకారనుకోండి. పిన్నులు ముట్టుకుంటే షాక్ కొడుతుంది కదా."

"కొట్టదు. ప్లగ్గు ఊడిన క్షణంలో ఇన్వర్టర్ ఆగిపోతుంది. గోడ వైపు కరెంటు కనబడకపోతే అది కరెంటు ఇవ్వదు. దాన్ని తయారుచేసిందే అలాగ. కావాలంటే ఇక్కడికి తెస్తాను, మీ ఎదురుగా పీకి పిన్నులు నా నాలిక మీద పెట్టుకుంటాను."

ఫోగల్ అలాంటి అవసరం లేదన్నాడు. మర్యాదగా నవ్వి మరో కాగితం తీశాడు. కమ్మీలు బరువు మోస్తాయని ఇంజనీరు సర్టిఫికెట్టు కావాలి. ఇంట్లో వైరింగు సరిగా ఉందని అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్టు కావాలి.

రోస్విత ఫైలు తెరిచింది. కమ్మీలు ఎంత బరువు మోస్తాయో చెప్పే లెక్కలు, భవనం కట్టినప్పటి నక్షా నకలుతో సహా మునిసిపల్ పాత దస్తావేజుల ఆఫీసు నుంచి తెచ్చుకుంది. దాని పక్కన తన ఎలక్ట్రీషియన్ అర్హత పత్రం పెట్టింది. వైరింగు పరీక్ష ఆమే చేసి, కొలతలన్నీ కాగితం మీద రాసుకొచ్చింది.

ఫోగల్ ఆ పత్రాన్ని రెండు వేళ్ళతో తనవైపు తిప్పుకున్నాడు. పైన సుత్తి, వృత్తలేఖిని, ధాన్యపు కంకుల ముద్ర. మాయమైపోయిన తూర్పు జర్మనీ ముద్ర.

"ఇది..." అన్నాడు, "ఇది ఏ దేశానిదండీ? అంటే, ఇప్పుడున్న దేశానిది కాదు కదా."

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో రోస్వితకి ఆ కుర్చీలో తెలిసింది.

"మీ నాన్నగారు పుట్టిందెక్కడ బాబూ?"

"ఇక్కడే. హాలెలోనే."

"అయితే ఆయన పుట్టిన పత్రం మీద కూడా ఇదే ముద్ర ఉంటుంది. వెళ్ళి అడగండి, ఆయన పుట్టాడో లేదో."

ఆమె కాగితాలు సర్దుకుని లేచింది. ఆ పత్రం ఈ దేశంలోనూ చెల్లుతుందని రెండు దేశాలూ కలిసిన రోజునే రాసుకున్నారు. అది ఫోగల్‌కి తెలియకపోతే తప్పు, తెలిసి అడిగితే ఇంకా పెద్ద తప్పు.

ఆ శనివారమే ప్యానెళ్ళు బిగించేసింది. అనుమతి లేకుండానే.

సాయానికి వచ్చింది ఎదురింటి హ్వా. వియత్నాం నుంచి ఇరవయ్యేళ్ళ వయసులో ఇక్కడి బట్టల మిల్లులో పనికొచ్చి, మిల్లు మూతపడ్డాక ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకున్న మనిషి. ముప్ఫై అయిదేళ్ళుగా ఇద్దరి తలుపులూ ఎదురెదురు.

"నీకు పిచ్చి ముదిరింది," అంది హ్వా, ప్యానెల్ కింది అంచు పట్టుకుని. "వాళ్ళు నిన్ను ఇల్లు ఖాళీ చేయిస్తే?"

"చేయించనీ. నీ ఇంట్లో పడుకుంటాను."

"నా ఇంట్లో చోటెక్కడుంది, అంతా జనం కుట్టుకిచ్చిన పాంట్లే."

కొక్కేలు తగిలించి, బోల్టులు బిగించి, ఎందుకైనా మంచిదని ఒక్కో ప్యానెల్‌కీ స్టీలు తాడు రెండు చుట్లు చుట్టి కట్టింది రోస్విత. కిటికీ సందులోంచి పట్టీలాంటి పల్చటి వైరు లోపలికి లాగింది. ప్లగ్గు గుచ్చాక ఒకటి రెండు నిమిషాలు ఏమీ జరగలేదు. తరవాత ఇన్వర్టర్ మీది చిన్న దీపం ఎరుపు నుంచి పచ్చకి మారింది. ఇద్దరూ గబగబా నడవాలోకి వెళ్ళి మీటరు చూశారు. ఫ్రిజ్ నడుస్తోంది, రేడియో పాడుతోంది, మీటరు మాత్రం కదలకుండా కూర్చుంది.

"ఆగిపోయింది," అంది హ్వా నమ్మలేనట్టు.

"ఆగలేదు. మనకి దాంతో పని లేదిప్పుడు."

ఆ రోజు రోస్విత యాపిల్ కేకు చేసింది. ఎండ బాగా ఉన్న వేళ చూసి ఓవెన్‌లో పెట్టింది. అంత ఓవెన్‌కి రెండు ప్యానెళ్ళు చాలవని ఆవిడకి తెలుసు, అయినా అందులో కొంత ఎండదేనని చెప్పి హ్వాకి ఒక ముక్క ఎక్కువ పెట్టింది.

సరిగ్గా ఆమె కింద, మూడో అంతస్తులో డీట్మార్ రోష్ అని ఒకాయన ఉన్నాడు. రిజిస్ట్రీ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. చెత్తడబ్బాలో తప్పు రంగు సంచి పడితే ఫోటో తీసి, తేదీ రాసి, కంపెనీకి పంపే మనిషి. మెట్ల మీద ఆయన ఎదురైతే జనం గుడ్ మార్నింగ్ చెప్పి గబగబా దిగిపోతారు. ప్యానెళ్ళ మీంచి వాననీళ్ళు తన బాల్కనీ అంచున పడుతున్నాయని ఆయన వారం తిరక్కుండానే ఫిర్యాదు పెట్టాడు. కంపెనీ నుంచి నాలుగో ఉత్తరం వచ్చింది: పద్నాలుగు రోజుల్లో తీసేయాలి. రోస్విత చట్టంలోని ఆ వాక్యాన్ని చేత్తో రాసి జవాబు పంపింది. మళ్ళీ ఉలుకూ పలుకూ లేదు. ఊరుకున్నారనుకుంది.

జూన్‌లో ఆమెకి ఆపరేషన్ చేసి తుంటి కీలు మార్చారు. ఆసుపత్రి నుంచి నేరుగా హార్ట్స్ కొండల్లో, కోలుకునేవాళ్ళకి వ్యాయామం చేయించే కేంద్రానికి పంపారు. మూడు వారాలు. ఊతకర్రలతో ఇంటికొచ్చేసరికి బాల్కనీ తలుపు తెరుచుకోలేదు. తోసింది. తలుపుకి అడ్డంగా టమాటా కుండీలు ఒకదాని మీద ఒకటి పడేసి ఉన్నాయి, మొక్కలు ఎండిపోయి ఉన్నాయి. కమ్మీలు బోడిగా ఉన్నాయి. స్టీలు తాళ్ళు కత్తిరించిన చోట తీగపోగులు ముళ్ళలా పైకి లేచాయి. లోపలికొచ్చే వైరుని కిటికీ దగ్గర కోసేశారు.

బిల్డింగు బాగోగులు చూసే ఉవె పానికెని ఫోనులో పిలిచింది. ఉవె వచ్చి గుమ్మంలో టోపీ నలుపుతూ నిలబడ్డాడు.

"ఎక్కడున్నాయి?"

"కింద, సైకిళ్ళ గదిలో ఉన్నాయి రోస్విత గారూ. ఒకటి పగిలింది."

"ఎవరు చేశారు?"

"బయటి మనుషులు. పొడుగుచెయ్యి బండి తెచ్చి, దాని బుట్టలో పైకెక్కారు. నన్ను రోడ్డుకి అడ్డం టేపు కట్టమన్నారు. కట్టాను." కొంచెం ఆగి, "ఆవిడ ఆసుపత్రిలో ఉందని చెప్పాను. ఆ సంగతి వాళ్ళకి ముందే తెలుసు," అన్నాడు.

ఆ మాట రోస్విత గుండెలో దిగబడింది. ప్యానెల్ పగిలినందుకు కాదు. మనిషి ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు చూసి వచ్చారు. బాల్కనీ కూడా ఇల్లే. ఆమె పక్కబట్టలు ఆరేసుకునే చోట, ఉదయం కాఫీ కప్పుతో నైట్‌గౌనులో కూర్చునే చోట, ఎవడో బూట్లతో దిగి తిరిగాడు. ఊతకర్రల మీదే సైకిళ్ళ గదికి దిగింది. పగిలిన అద్దం మంచుపొరలా మెరుస్తోంది. దాని మీద చెయ్యి పెట్టి, డిపోలో ముప్ఫై తొమ్మిదేళ్ళలో నేర్చుకున్న తిట్లన్నీ ఒక్కొక్కటిగా తిట్టింది. ఉవె వింటూ నిలబడ్డాడు. ఒకచోట మాత్రం, "అది నాకు కూడానా?" అని అడిగాడు.

"నువ్వు కట్టిన టేపుకి."

మర్నాడు పొద్దున తలుపు తట్టింది రోష్. ఇన్నేళ్ళలో ఆయన ఆ గుమ్మం ఎక్కడం అదే మొదటిసారి. చేతిలో అట్టకవరు ఉంది.

"కూనర్ట్ గారూ, మీ ప్యానెళ్ళు నాకు ఇష్టం లేదు. ఆ విషయం మొదట చెప్తున్నాను."

"తెలుసు. ఉత్తరం చదివాను."

"నేను అడిగింది నీళ్ళకి తూము పెట్టించమని. ఒకరి ఇంట్లో చొరబడమని కాదు." ఆయన కవరులోంచి ఫోటోలు తీసి టేబులు మీద వరసగా పేర్చాడు. మొత్తం ఇరవై రెండు, రోడ్డు అవతల ట్రాము స్టాపు నుంచి తీసినవి. ఒక్కోదాని వెనక తేదీ, గంట, నిమిషం. బుట్టలోంచి కమ్మీ దాటుతున్న మనిషి. కుండీలు తన్నుతున్న కాలు. కమ్మీకి ఆనుకుని సిగరెట్టు కాలుస్తున్న మనిషి. "నోటీసు లేదు, కోర్టు ఆర్డరు లేదు, ఇంటివాళ్ళు లేరు. ఇది పద్ధతి కాదు. మేనేజరుకి ఫోన్ చేసి అడిగాను. అది మీకు సంబంధం లేని విషయం అన్నాడు." రోష్ చెవులు ఎర్రబడ్డాయి. "నాకు. సంబంధం లేదట."

రోస్విత ఆయనకి కాఫీ పెట్టింది. ఆయన సాసరు కింద చేతిరుమాలు పరుచుకుని తాగాడు.

అద్దెదారుల సంఘంలో లాయరు కాగితాలన్నీ చదివి కళ్ళజోడు తీసింది. "మీరు ముందు కోర్టుకెళ్ళి అనుమతి తెచ్చుకుని తరవాత బిగించాల్సింది. ఆ ఒక్క చోట మీది తప్పే. కానీ వాళ్ళు తమ చేతులతో తీయడం ఉంది చూశారూ, దానికి ఏ చట్టమూ లేదు. వాళ్ళేమంటున్నారో తెలుసా? తుఫాను హెచ్చరిక వచ్చిందట, ప్రాణాలు కాపాడటానికి తీశారట."

రోస్విత సిగరెట్టు మనిషి ఫోటో ముందుకి తోసింది. పొగ నిట్టనిలువుగా పైకి పోతోంది. లాయరు మొదటిసారి నవ్వింది.

కేసు వేశారు. విచారణకి నవంబరులో తేదీ పడింది. అప్పటిదాకా ఎండ ఎవరికోసం ఆగుతుంది? పైగా రోస్వితని తినేస్తున్నది మరొకటి. కేసు వేసిన సంగతి తెలిశాక మెట్ల మీద ఆగి మాట్లాడినవాళ్ళలో అయిదుగురు, మేమూ అడిగాం, మాకూ ఆ ఉత్తరమే వచ్చింది అన్నారు. అదే వాక్యం. అందం. ప్రతివాళ్ళూ తమ ఒక్కరికే వచ్చిందనుకుని, మడిచి సొరుగులో పెట్టుకుని ఊరుకున్నారు.

ఆమె మెట్ల దారిలో కాగితం అంటించింది: "బాల్కనీ సోలార్ ఎలా బిగించాలో, అనుమతి ఎలా అడగాలో శనివారం పదింటికి బట్టలారేసే గదిలో చూపిస్తాను. ఉత్తరం వచ్చినవాళ్ళు ఉత్తరం తెచ్చుకోండి." పద్నాలుగుమంది వచ్చారు. తాళ్ళ మీద ఎవరివో దుప్పట్లు ఆరుతుండగా, కోసిన వైరు మళ్ళీ కలిపి, వాటి మధ్య, కిటికీలోంచి పడే ఎండలో, పగలని ప్యానెల్‌ని నిలబెట్టి పాఠం చెప్పింది. ప్లగ్గు పీకి పిన్నుల మీద వేలు పెట్టి చూపించింది. తరవాత ప్రతివాళ్ళనీ పెట్టమంది. హ్వా అందరికంటే ముందు పెట్టింది. రోష్ టెస్టర్ అడిగి తీసుకుని, దాంతో రెండుసార్లు చూసుకుని, అప్పుడు పెట్టాడు.

అందరూ ఒకే రోజున, ఒకే మాటలతో, రోష్ రాసిపెట్టిన నమూనా ప్రకారం దరఖాస్తులు పంపారు. ఆరు వారాలు గడువిచ్చారు. కంపెనీ జవాబివ్వలేదు. సెప్టెంబరులో ఒక శనివారం తొమ్మిది బాల్కనీలలో ప్యానెళ్ళు లేచాయి. మిగిలిన అయిదుగురూ భయపడ్డారు. రోస్విత వాళ్ళని ఒక్క మాటా అనలేదు.

పన్నెండింటికి ఫోగల్ కారు దిగాడు. సెలవురోజు కాబట్టి చొక్కా మీద స్వెట్టరు వేసుకున్నాడు. ఉవెని వెంటబెట్టుకుని ముంగిట్లోకి వచ్చి తలెత్తి చూశాడు.

"ఇది గుంపు కట్టి నిబంధనలు ధిక్కరించడం," అన్నాడు. "కూనర్ట్ గారూ, వీళ్ళందరినీ మీరు ప్రమాదంలోకి తోస్తున్నారు."

"నన్నెవరూ తొయ్యలేదు," అంది హ్వా రెండడుగులు ముందుకేసి. "పగలంతా నా మిషను, నా ఇస్త్రీపెట్టె నడుస్తాయి. పగలంతా నా కిటికీలో ఎండ ఉంటుంది. మీ ఉత్తరంలో అందం అని రాశారు. మీ గుడ్డ మీది ఆడమనిషి చెయ్యి ఊడి తొమ్మిది నెలలైంది. కుట్టిపెట్టమంటారా?"

ముంగిట్లో నవ్వులు లేచాయి. ఫోగల్ ఉవె వైపు తిరిగాడు.

"పానికె గారూ, సోమవారం బండి మాట్లాడండి. మీరు దగ్గరుండి తీయించండి."

ఉవె టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "నేను టేపు కట్టనండి."

"ఏమిటి?"

"కిందటిసారి కట్టాను. ఈసారి కట్టను. కాగితం మీద రాసివ్వండి, ఎవరి ఆర్డరో, ఏ చట్టం కిందో. నా సంతకం అడిగితే మీ సంతకం ముందుండాలి."

ఫోగల్ ఏదో అనబోయి, మూడో అంతస్తులో కెమెరా పట్టుకుని నిలబడ్డ రోష్‌ని చూసి ఆగిపోయాడు. వచ్చినంత మర్యాదగానే వెళ్ళాడు. సోమవారం బండి రాలేదు.

విచారణకి ఎనిమిది రోజుల ముందు కంపెనీ దిగొచ్చింది. పగిలిన ప్యానెల్‌కి పరిహారం, అడిగినవాళ్ళందరికీ అనుమతి. కేసు వెనక్కి తీసుకోవచ్చని లాయరు చెప్పింది. పేటలోని మిగతా భవనాల వాళ్ళు కూడా రోస్విత తలుపు తట్టడం మొదలుపెట్టారు.

తరవాతి వారం ఫోగల్ స్వయంగా నాలుగో అంతస్తుకి ఎక్కొచ్చాడు. పూలు తెచ్చాడు. కంపెనీ పత్రికలో 'సూర్యుడికి స్వాగతం' అని వ్యాసం వేస్తున్నారట. పచ్చటి భవిష్యత్తు వైపు కంపెనీ వేసిన ముందడుగు గురించి. రోస్విత తన బాల్కనీలో నిలబడితే ఫోటోగ్రాఫరు వస్తాడట.

"ముందడుగు మీదా?"

"అందరిదీ కూనర్ట్ గారూ. జరిగినవేవో జరిగాయి."

"ఒక వాక్యం రాయండి, నిలబడతాను. 'రోస్విత కూనర్ట్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు మేము ఆమె ఇంట్లోకి చొరబడ్డాము, అది తప్పు.' ఇంతే. పెద్ద అక్షరాలు కూడా అక్కర్లేదు."

"అది నా చేతిలో లేదండీ. పై వాళ్ళు ఒప్పుకోరు."

"తాళ్ళు కోయడం మీ చేతిలో ఉంది. తప్పని ఒప్పుకోవడం మాత్రం మీ చేతిలో లేదు." ఆమె పూలు ఆయన చేతిలోనే ఉండనిచ్చింది. "మెట్లు జాగ్రత్తగా దిగండి, రెండో అంతస్తులో దీపం పోయింది. ఆగస్టు నుంచి చెప్తున్నాం."

పత్రిక డిసెంబరులో వచ్చింది. అట్ట మీద ఫోగల్, ఎక్కడో వేరే మేడ ముందు, ప్యానెల్ ఎత్తిపట్టుకుని నవ్వుతున్నాడు. వెనకవైపు ఎండకి, ముందువైపు తన పొట్టకి తిప్పి పట్టుకున్నాడు. హ్వా చూసి కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. రోస్వితకి నవ్వు రాలేదు. వ్యాసం మొదటినుంచీ చివరిదాకా రెండుసార్లు చదివింది. అందులో ఆమె పేరు లేదు, హ్వా పేరు లేదు, వేసవి లేదు, కత్తిరించిన తాళ్ళు లేవు.

ఆమె వంటింటి టేబులు దగ్గర కూర్చుని సంపాదకుడికి ఉత్తరం రాసింది. ప్యానెల్ ఎటు తిప్పి పట్టుకోవాలో మొదట రాసింది. తరవాత జూన్‌లో జరిగింది తేదీలతో సహా రాసి, రోష్ తీసిన ఫోటోల్లో ఒకటి జత చేసింది. కింద తన చేత్తో సంతకం పెట్టింది.

జవాబు రాలేదు. జనవరిలో ఆమె రెండోది రాసింది. దాని కింద తొమ్మిది సంతకాలున్నాయి.